డీజిల్ ఎన్నాళ్ళుంటుంది? గుంట గట్టు మీద నుంచి ఒక ప్రశ్న

ఇందుకూరుపేట_గుంట | రాత్రి 2:20

కరెంటు పోయి నలభై నిమిషాలైంది. జనరేటరు మోతలో గట్టు మీద కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఎకరంన్నర గుంట, వనామీ రొయ్య, పిల్ల వేసి డెబ్బయ్యో రోజు. నీళ్ళలో గాలి కలిపే రెండు హెచ్‌పీ ఏరియేటర్లు ఆరు. ఈ టైములో అరగంట గాలి ఆగితే డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి. అందుకని కరెంటు పోతే నిద్ర కూడా పోతుంది.

వారం నుంచి రోజూ రెండు గంటలు ఇదే వరస. ఇరవై లీటర్ల క్యాను మూడు నాలుగు రాత్రులకు ఖాళీ. ఖర్చు సంగతి అలా ఉంచండి. కునుకు రాకుండా ఫోన్ చూస్తుంటే ఒక వీడియోలో ప్రపంచంలో చమురు ఇంకో నలభై, యాభై ఏళ్ళే అంటున్నాడు. పీక్ ఆయిల్ అంటాడు, శిఖరం దాటిపోయాం అంటాడు. మా వాడు తొమ్మిదో తరగతి. చదువు అబ్బకపోతే ఈ గుంటలే అప్పజెబుదామని నా లెక్క. వాడి చేతికొచ్చేసరికి డీజిలే లేకపోతే ఏం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి. భయపెట్టకుండా చెప్పండి.

సందేహాల_సుబ్బయ్య (కావలి) | ఉదయం 6:05

ముందు రొయ్యలు చూసుకో అన్నా. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా సైన్సు మేష్టారు కూడా నలభై ఏళ్ళే అన్నాడు. ఇప్పుడు నాకు యాభై రెండు. మేష్టారు పోయాడు, బంకులో డీజిలు మాత్రం పోలేదు.

పాత_డ్రిల్లర్ (ఒంగోలు) | ఉదయం 7:30

సుబ్బయ్య గారి వెటకారంలో సగం నిజముంది. మిగతా సగం నేను చెప్తా. రాజమండ్రి, నర్సాపురం వైపు చమురు బావులు తవ్వే రిగ్గుల మీద పాతికేళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి.

ఆ నలభై ఏళ్ళ లెక్క చిన్న భాగహారం. భూమిలో ఉందని రాసుకున్న నిల్వను ఈ ఏడాది వాడకంతో భాగిస్తే వచ్చే అంకె. కొత్త బావులు దొరికితే, ధర పెరిగి పాత బావులు మళ్ళీ గిట్టుబాటైతే ఆ నిల్వ పెరుగుతుంది. అందుకే అది మేష్టారి కాలంలోనూ నలభయ్యే, ఇప్పుడూ దాని చుట్టుపక్కలే.

పీక్ అంటే అది కాదు. చమురు అయిపోయే రోజు కాదు, తోడే వేగం ఇక పెరగని రోజు. 1956లో అమెరికాలో హబ్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, షెల్ కంపెనీ ఉద్యోగే, శాన్ ఆంటోనియోలో చమురు వాళ్ళ సభలోనే నిలబడి అమెరికా ఉత్పత్తి 1965, 1970 మధ్య శిఖరానికి చేరి తర్వాత దిగుతుందని చెప్పాడు. చాలామంది నవ్వారు. 1970లో రోజుకు 96 లక్షల బ్యారెళ్ళ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి దిగడం మొదలెట్టింది. 2008 నాటికి 50 లక్షలు. (బ్యారెల్ అంటే 159 లీటర్లు.) శిఖరం దాటి మూడేళ్ళు తిరక్కుండానే 1973లో అరబ్బు దేశాలు సరఫరా బిగిస్తే, మూడు డాలర్ల బ్యారెల్ కొన్ని నెలల్లో పన్నెండుకు దగ్గరగా వెళ్ళింది. సొంత బావులు దిగుతున్న దేశం అప్పుడు ఏం చేయగలదు?

బ్రిటన్ వైపు ఉత్తర సముద్రం 1999లో, మెక్సికోలో కాంటరెల్ అనే మహా క్షేత్రం 2004లో ఇలాగే మలుపు తిరిగాయి. పక్కనే ఉంది మన ఉదాహరణ. కృష్ణా గోదావరి తీరం సముద్రంలో కేజీ డీ6 గ్యాసు 2002లో దొరికింది, 2009లో తీయడం మొదలైంది, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్ళి, మూడు నాలుగేళ్ళలో నాలుగో వంతుకు పడిపోయింది. ఆ గ్యాసును నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన కరెంటు ప్లాంట్లు చాలావరకు ఖాళీగా నిలబడ్డాయి. కింద రాయి మన ప్లానింగ్ కాగితాలు చదవదు.

కనిగిరి_మెట్ట | ఉదయం 8:10

సార్ చెప్పింది మా వైపు బోర్ల కథే. మా నాయన 120 అడుగుల్లో నాలుగించుల నీళ్ళు చూశాడు. నేను 400 వేశా, రెండించులు. మా తమ్ముడు 850 అడుగులు పోయాడు, ఇంచున్నర. బోరు ఫలానా రోజున ఎండిపోయిందని ఎవరూ చెప్పలేరు. మోటారు పెద్దదవుతుంది, పైపులు పెరుగుతాయి, నీళ్ళు సన్నబడతాయి. ఒకరోజు లెక్క చూసుకుంటే తడిపిన మడికంటే కట్టిన అప్పు ఎక్కువుంటుంది.

పాత_డ్రిల్లర్ | ఉదయం 8:40

రిగ్గు మీద నాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు అబ్బయా. చమురు మనుషులు కూడా ఇదే లెక్క చూస్తారు: ఒక బ్యారెల్ తీయడానికి ఎంత శక్తి ఖర్చయింది, చేతికి ఎంత మిగిలింది. సౌదీలో గవార్ 1948లో దొరికింది, కువైట్ బుర్గాన్ 1938లో. తన్నితే పొంగే బావులవి. ఇప్పుడు సముద్రం అడుగుకు కిలోమీటర్ల లోతు పోయి, లేదా కెనడాలో ఇసుకను ఉడకబెట్టి తీస్తున్నారు. ఏటా కొత్తగా కనుక్కునే చమురు 1960లలోనే పతాక స్థాయికి వెళ్ళింది. అప్పట్నుంచి తవ్వుతున్నది ఎక్కువ, దొరుకుతున్నది తక్కువ.

సందేహాల_సుబ్బయ్య | ఉదయం 9:15

సార్, కథ మధ్యలో ఆపేశారు. 2008లో 50 లక్షలు అన్నారు గదా, ఇప్పుడు అమెరికా ఎంత తీస్తోందో చెప్పండి. నేనే చెప్తా: 2024లో రోజుకు 130 లక్షలు దాటింది. ఆ పెద్దమనిషి శిఖరం మీద ఇంకో శిఖరం లేచింది. పైగా ప్రపంచం మొత్తానికి 2000 ప్రాంతంలో పీక్ అన్నాడట ఆయన, రోజుకు మూడున్నర కోట్ల బ్యారెళ్ళ లోపే. ఇప్పుడు వాడకం పది కోట్లు. జోస్యం సగం తప్పినా జ్యోతిష్కుడికి సంభావన ఇస్తామా?

ఇంకోటి. 2008 జులైలో 147 డాలర్లకు పోయినప్పుడు అందరూ అయిపోయింది అయిపోయింది అన్నారు. 2020 ఏప్రిల్ 20న అదే అమెరికాలో బ్యారెల్ మైనస్ 37 డాలర్లు. చమురు పట్టుకుపో, ఎదురు డబ్బులిస్తా అన్నట్టు.

పాత_డ్రిల్లర్ | ఉదయం 10:50

మందులు వేసుకుని వచ్చా.

అంకెలన్నీ సరైనవే, ఒప్పుకుంటున్నా. హబ్బర్ట్ అమెరికా సంగతి పట్టుకున్నాడు, ప్రపంచం సంగతి తప్పాడు. మొదటి కారణం, 1970ల ధరల దెబ్బకు ప్రపంచం పొదుపు నేర్చింది, కొండ ఆయన అనుకున్నదానికంటే వెడల్పైంది. రెండోది షేల్. కనిగిరి అబ్బాయికి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. మీ వైపు దిగుడు బావిలో దిగి పక్కకు సైడు బోర్లు వేస్తారు గదా? పనికిరాని బోరులోకి ప్రెషర్‌తో నీళ్ళు కొట్టి పగుళ్ళు తెరిపిస్తారు గదా? ఆ రెండూ కలిపితే షేల్. రెండు మైళ్ళు నిలువుగా పోయి, అక్కణ్ణుంచి ఇంకో రెండు మైళ్ళు అడ్డంగా పోయి, నీళ్ళూ ఇసుకా రసాయనాలూ కొట్టి, చమురు పట్టుకున్న బిగువు రాయిని చీలుస్తారు.

మరి అలా తెరిపించిన బోరు ఎన్నాళ్ళు పోస్తుంది?

కనిగిరి_మెట్ట | ఉదయం 10:58

ఆర్నెల్లు ధారగా. తర్వాత మళ్ళీ మామూలే.

పాత_డ్రిల్లర్ | ఉదయం 11:20

షేల్ బావి అంతే. మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. ఉన్నచోట ఉండాలంటేనే కొత్త బావులు వేస్తూ పోవాలి. మామూలు బావుల నుంచి వచ్చే ముడి చమురు 2006 ప్రాంతంలోనే గరిష్ఠానికి చేరిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2010 నివేదికలో రాసింది. ఆ తర్వాత ప్రపంచం పెంచుకున్నదంతా దాదాపుగా షేల్, ఇసుక, లోతు సముద్రం. అంటే సుబ్బయ్య గారూ, సరుకు ఉంది. చవక సరుకు తగ్గింది.

2020 మైనస్ సంగతి కరోనా. ఎవడూ బండి తీయలేదు, ట్యాంకులు నిండాయి, ఒక్క రోజు కాంట్రాక్టు గొడవ. మన టమాటా రైతు రోడ్డు మీద పారబోస్తే భూమిలో టమాటా ఎక్కువైనట్టా?

సందేహాల_సుబ్బయ్య | ఉదయం 11:26

టమాటా దగ్గర నోరు మూయించారు సార్. కానీ పూర్తిగా ఒప్పుకోలేదు.

టీచరమ్మ_ఫిజిక్స్ (ఒంగోలు) | మధ్యాహ్నం 1:15

లంచ్ బ్రేక్‌లో ఒక లెక్క. పిల్లలకు ఏటా చెప్పేదే, ఇక్కడ పనికొస్తుంది.

ఒక లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. కరెంటు బిల్లులో చూసే యూనిట్లే. ఇంజన్‌లో మూడో వంతు పనిగా మారుతుంది, అంటే 3 యూనిట్ల పైచిలుకు. మిగతాది వేడిగా పోతుంది. ఒంగోలు గిత్తల జత నిలకడగా లాగితే దాదాపు ఒక హార్స్‌పవర్. నాలుగైదు గంటలు దున్నితే 3 యూనిట్లకు అటూ ఇటూ. అంటే బంకులో వంద రూపాయల లోపు వచ్చే ఒక్క లీటరు, కాడి గిత్తలు ఒక పూట చేసే పని చేసిపెడుతోంది. మనిషి అయితే రోజంతా రెక్కలు ముక్కలు చేసుకున్నా అర యూనిట్ దాటి కాస్త. ఆరుగురు కూలీలు ఒక లీటరు.

ఆ ఆరుగురికి కూలి ఎంత ఇస్తారో ఇందుకూరుపేట అన్నయ్య చెప్పాలి. డీజిల్ ఖరీదు అని మనం అనుకుంటున్నాం గానీ, ఇంత చవకైన పనివాడు మనుషుల చరిత్రలో లేడు. వాడు జీతం పెంచమంటే ఏమవుతుందన్నదే మీ అసలు ప్రశ్న.

సందేహాల_సుబ్బయ్య | మధ్యాహ్నం 1:22

మేడమ్, గిత్తల జత ధర చూశారా ఈ మధ్య? ట్రాక్టరే నయం.

కరేడు_సపోటా (ఉలవపాడు) | మధ్యాహ్నం 2:40

గిత్తల మాటొచ్చింది కాబట్టి. మా తాత యుద్ధం రోజుల్లో బొగ్గు బస్సు ఎక్కాడు. పెట్రోలు రేషన్ పెట్టారని బస్సు వెనక డ్రమ్ములాంటి పొయ్యి తగిలించి, బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. బయల్దేరే ముందు క్లీనరు చక్రం తిప్పుతూ గంటసేపు పొయ్యి రాజేయాలి. ఎత్తు రోడ్డు వస్తే అందరూ దిగి నెట్టాలి. టికెట్ డబ్బులు మాత్రం వెనక్కి ఇవ్వరు.

మా ఊళ్ళ పక్కనే బకింగ్‌హాం కాలువ. సరుగుడు కట్టెలు, ఉప్పు పడవలకెత్తి మద్రాసుకు పంపేవాళ్ళట. గాలుంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగడం. లీటరు డీజిల్ లేకుండా మద్రాసు పొయ్యిలు వెలిగాయి. మళ్ళీ ఆ రోజులు రావాలని కాదు, తాడు లాగినవాణ్ణి అడిగితే వద్దనే అంటాడు.

జువ్వలదిన్నె_బోటు | సాయంత్రం 4:30

మాకు ఇంకో రెండు రోజుల్లో వేట నిషేధం, జూన్ 14 దాకా బోటు ఒడ్డునే. వలలు బాగుచేసుకుంటూ మీ చర్చ చదివించుకున్నా.

టీచరమ్మ లెక్క మాకు తిరగేసి వస్తుంది. మా నాయన తెరచాపతో పోయి చూపుమేరలో చేపలు పట్టాడు. నేను ఇంజన్ బోటులో నాలుగు రెట్లు దూరం పోతున్నా, తెచ్చేది ఆయన తెచ్చినదానికి రెండింతలు కూడా ఉండదు. లీటరుకు తొమ్మిది రూపాయల సబ్సిడీ లేకపోతే కొన్ని ట్రిప్పులు ఇంటికి చెప్పకుండా ఆపేయాల్సిందే. గుంటలో అన్నకు జనరేటరు రాత్రి రెండు గంటలు. సముద్రంలో నాకు స్తంభాలు లేవు, కరెంటు లేదు. మీరంతా బ్యాటరీకి మారినా ఆఖరున డీజిల్ క్యూలో నిలబడేది మేమే.

థర్మల్_నైట్‌షిఫ్ట్ (ముత్తుకూరు) | సాయంత్రం 6:10

డ్యూటీకి పోయే ముందు నాలుగు ముక్కలు. డీజిల్ వదిలి కరెంటుకు మారితే తప్పించుకున్నట్టే అని అనుకునేవాళ్ళ కోసం.

మా కృష్ణపట్నం పక్క నేలటూరులో జెన్‌కోవి మూడు 800 మెగావాట్ల యూనిట్లు. ప్రైవేటువి వేరే. ఒక్క 800 యూనిట్ నిండు లోడ్‌తో తిరిగితే రోజుకు పది, పన్నెండు వేల టన్నుల బొగ్గు. గూడ్సు రైలు లెక్కలో మూడు. ఇది ఒడిశా నుంచో, ఓడలో ఇండోనేషియా నుంచో రావాలి. ఓడ డీజిల్ లాంటి నూనెతోనే వస్తుంది, గమనించండి.

2022 జనవరిలో ఇండోనేషియా తన ప్లాంట్లకే బొగ్గు చాలట్లేదని నెలపాటు ఎగుమతి నిషేధం ప్రకటించింది. తర్వాత ఉక్రెయిన్ యుద్ధంతో బొగ్గు ధర ఆకాశానికి పోయింది. ఆ ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే పెట్టారు, గుర్తుందా? చమురుకు శిఖరం వచ్చినా రాకపోయినా, ఎవడో ఒక దేశంలో సంతకం పెడితే మన ఫ్యాన్ ఆగుతుంది. చమురులో అయితే మరీ, మనం 85 శాతానికి పైగా బయట కొంటున్నాం. గల్ఫ్ నుంచి వచ్చేది హర్ముజ్ సందులోంచి దూరి రావాలి. అత్యవసరానికని విశాఖ కొండ కింద సొరంగాల్లో 13.3 లక్షల టన్నులు దాచే ఏర్పాటుంది. మంగళూరు, పాదూరు కూడా కలిపితే, మూడూ నిండా ఉంటే, దేశానికి తొమ్మిదిన్నర రోజులు. అంతే.

ఇక మధ్యాహ్నం పన్నెండుకు మా యూనిట్‌ను తగ్గించమంటారు, సోలార్ ముంచెత్తుతుంది. సాయంత్రం ఏడుకు పరుగెత్తించమంటారు. నూరు టన్నుల బండిని ఆటోలా నడపమన్నట్టు. 2025లో దేశంలో సగం కరెంటు సామర్థ్యం బొగ్గు, గ్యాసు కానిదే అన్నారు, నిజమే. కానీ సామర్థ్యం సగం, రాత్రి రెండు గంటలకు దీపం మాత్రం ఎక్కువగా బొగ్గుదే. పిన్నాపురం దగ్గర నీళ్ళు పైకెక్కించి కిందికి వదిలే ప్లాంటు లాంటివి ఇంకా చాలా రావాలి.

సందేహాల_సుబ్బయ్య | సాయంత్రం 6:30

ఒక్కటి అడుగుతా. చమురు పని అయిపోతుంటే రామాయపట్నంలో లక్ష కోట్ల రిఫైనరీ ఎందుకు? 2024 డిసెంబరులో ముందస్తు పనులకే 6,100 కోట్లు అన్నారు. ఏటా 90 లక్షల నుంచి కోటీ 20 లక్షల టన్నులట. అంత డబ్బు పెట్టేవాళ్ళకు మనకు తెలిసింది తెలీదా?

పాత_డ్రిల్లర్ | సాయంత్రం 7:05

బండికి పోసేది ఒక భాగమే. ఇందుకూరుపేట తమ్ముడి ఏరియేటర్ రెక్కలు, గుంట షీటు, మేత సంచి, మీ చేతిలో ఫోను కవరు, అన్నీ చమురు బిడ్డలే. అందుకే రిఫైనరీతో పాటు పెట్రోకెమికల్స్ అంటున్నారు.

శిఖరం అమ్మేవాడి వైపు నుంచే రావాలని లేదు, కొనేవాడి వైపు నుంచి కూడా రావచ్చు. నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లు పదింటిలో తొమ్మిది దాదాపు కరెంటువి. చైనాలో సగం ప్లగ్ పెట్టేవి. 2030 లోపు ప్రపంచ వాడకమే ఆగుతుందని ఒకరంటారు, చమురు అమ్మే ఒపెక్ దేశాలు అదేం లేదంటాయి. మన దేశంలో మాత్రం ఇంకా పెరుగుతుంది, అందులో నాకు అనుమానం లేదు.

కరేడు_సపోటా | సాయంత్రం 7:50

రామాయపట్నం అంటే మాకు కడుపులో కెలికినట్టుంటుంది. చేవూరు, రావూరు భూముల్లో మొదట సోలార్ పలకల ఫ్యాక్టరీ అన్నారు. అవి రిఫైనరీ వైపు పోయాయి. సోలార్ వాళ్ళకు మా కరేడు చూపించారు. 2025లో ఊరు ఊరంతా హైవే మీద కూర్చుంది. మామిడి, సపోటా, ఇసుక నేలలో చేతికందే నీళ్ళు. చమురుకూ భూమి కావాలి, చమురు మానడానికీ భూమి కావాలి. రెండుసార్లూ మాదే.

సోలార్ వద్దని కాదు. మా ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టించా, 78 వేలు సబ్సిడీ వచ్చింది, బిల్లు దాదాపు లేదు. మిద్దె మీద పెడితే ఎవరి చెట్టూ పోలేదు.

మోడరేటర్ | రాత్రి 8:00

కరేడు మీద పార్టీల పేర్లతో వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. భూమి గురించి, శక్తి గురించి ఎంతైనా రాయండి.

కనిగిరి_మెట్ట | రాత్రి 8:25

భూమి మా దగ్గర బోలెడు, నీళ్ళే లేవు. పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. బీడు భూమిలో నేపియర్ గడ్డి పెంచి, మురగబెట్టి గ్యాసు తీస్తారట. కౌలు వస్తుంది, పని వస్తుంది, మంచిదే. కానీ నేపియర్ తడి అడుగుతుంది. వెలిగొండ నీళ్ళు పారితే సరే, పారకపోతే 850 అడుగుల బోరుతో గడ్డి తడిపి గ్యాసు తీయాలి. సార్ చెప్పిన ఖర్చెంత మిగులెంత లెక్క అక్కడ ఎటు తేలుతుందో.

మా నాయన పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు కొన్న లెక్కలు నా దగ్గరున్నాయి. మొదట ఊరి చుట్టూ చిల్లచెట్లు. తర్వాత సుబాబుల్, జామాయిల్ ఊళ్ళు దాటి తేవడం. మా బ్యారన్ పీక్ మేం ఎప్పుడో చూశాం.

సందేహాల_సుబ్బయ్య | రాత్రి 8:40

ఇథనాల్ సంగతి కూడా తేల్చండి. ఈ20 (ఐదో వంతు ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చినప్పట్నుంచి నా బండి మైలేజీ తగ్గింది.

టీచరమ్మ_ఫిజిక్స్ | రాత్రి 9:00

ఇథనాల్‌లో పెట్రోలుకు మూడింట రెండు వంతుల శక్తే ఉంటుంది. ఐదో వంతు కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం తక్కువ. బండిని బట్టి ఆ లోపు తగ్గుతుంది. అంతకు మించి తగ్గితే ఎయిర్ ఫిల్టర్ చూపించండి, హబ్బర్ట్‌ను కాదు.

ఇందుకూరుపేట_గుంట | రాత్రి 9:45

మధ్యాహ్నం నిద్రపోయి లేచి మొత్తం చదివా. అందరికీ దండాలు. మేడమ్ లెక్క పట్టుకుని నేనూ వేశా. జనరేటరులో లీటరుకు మూడు యూనిట్ల పైచిలుకు, అంటే నాకు యూనిట్ ముప్పై రూపాయల దగ్గర. లైను మీద వచ్చేది సబ్సిడీతో రూపాయిన్నర. ఇరవై రెట్లు!

సోలార్ పెడదామని నెల్లూరులో అడిగితే పగటికి సరే అన్నాడు. నాకు కావాల్సింది తెల్లవారుజామున. రాత్రంతటికీ అరవై యూనిట్ల బ్యాటరీ అంటే ఆరు లక్షలకు పైమాటే చెప్తున్నాడు. అక్కడే ఆగిపోయా.

టీచరమ్మ_ఫిజిక్స్ | రాత్రి 10:05

అన్నయ్యా, రాత్రంతటికీ ఎందుకు? లైను ఉన్నంతసేపు లైనే. పోయేది రెండు గంటలన్నారు. ఆరు ఏరియేటర్లు గంటకు 9 యూనిట్లు, రెండు గంటలకు 18. ఇరవై యూనిట్ల బ్యాటరీ చాలు. కరెంటు ఉన్నప్పుడు దాన్నుంచే నింపుకోవచ్చు, పలకలు కూడా తర్వాత సంగతి. డీజిల్‌కు రాత్రికి 550 దాకా పోతోంది గదా. ఏడాదిలో వంద రాత్రులు పోతే 55 వేలు. బ్యాటరీ రెండు లక్షలైతే నాలుగేళ్ళు.

సందేహాల_సుబ్బయ్య | రాత్రి 10:12

ఆ బ్యాటరీ చైనాది. అరబ్బు కాళ్ళు వదిలి చైనా కాళ్ళు పట్టుకున్నట్టు.

పాత_డ్రిల్లర్ | రాత్రి 10:30

తేడా ఉంది. డీజిల్ రాత్రికి రాత్రి పొగైపోతుంది. బ్యాటరీ ఒకసారి కొంటే పదేళ్ళు గుంట దగ్గరే ఉంటుంది, వాడు అలిగినా మనది ఆగదు. అయినా ఉప్పుగాలికి ఇన్వర్టర్ ఎన్నాళ్ళు ఆగుతుందో నాకు అనుమానమే. రిగ్గు మీద ప్యానెళ్ళు మూణ్ణెల్లకు తుప్పు పట్టేవి.

జనరేటరు మాత్రం అమ్మకు తమ్ముడూ. తుఫాను వస్తే రెండు గంటలు కాదు, రెండు రోజులు.

ఇందుకూరుపేట_గుంట | రాత్రి 10:50

అమ్మను సార్. ఈ పంట పట్టుబడి అయ్యాక బ్యాటరీ చూస్తా, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) బాగొస్తేనే. మా వాడికి ఇవన్నీ చదివించా. "నాన్నా, హబ్బర్ట్ చెప్పినప్పుడు నవ్వినవాళ్ళకు 1970లో ఎట్లా ఉండుంటుంది" అన్నాడు. చదువు అబ్బేలాగే ఉంది.

ఉప్పుగాలి సంగతి సార్ బాగా గుర్తుచేశారు. మైపాడు, కోట, తూపిలిపాళెం వైపు గుంటల దగ్గర ఇన్వర్టర్ పెట్టి రెండేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. పెట్టెను షెడ్డులో పెట్టారా, గట్టు మీదేనా? వైర్ల కొసలకు గ్రీజు రాస్తే సరిపోతుందా?